బుగ్గల తుపాకి విప్పిన రోజు

కుట్టుమిషన్ నూనె సీసా మూత తీస్తే ఎవరికైనా దర్జీ కొట్టు గుర్తొస్తుందేమో, నాకు మాత్రం సముద్రం గుర్తొస్తుంది. ఈ పొద్దున కూడా అత్త ఆ సీసా తెచ్చి నా ముందు పెట్టి, సజ్జ మీదున్న గోనెసంచీని కళ్ళతోనే చూపించింది. ఏడాదికోసారి జరిగే తంతే ఇది. సంచీ దించుతుంటే నూనె, పాత తోలు, ఇనుము కలిసిన వాసన ముక్కుకు తగిలి, ఈ ఊరు మూతపడిన ఆ ఏడాది కళ్ళ ముందుకొచ్చింది.

అత్త అంటే మా నాన్నకు అక్క. మామ పోయిన మూడో నెలకే, సొంతూరికి రమ్మన్న వాళ్ళందరికీ దండం పెట్టి, మావాళ్ళు మగ్గాల పనికి వలసొచ్చిన ఈ ఊరి సముద్రపొడ్డున, డుమస్‌లో ఆయన నడిపిన బుగ్గల దుకాణాన్ని తానే తెరిచింది. మేం బెలూన్లను బుగ్గలంటాం. చెక్క పలకకు నల్లగుడ్డ కట్టి, దాని మీద వరుసలు వరుసలుగా బుగ్గలు గుచ్చి, ముందు ఒక ఛర్రాల తుపాకి, అదే చిన్న సీసపు గుళ్ళు పేల్చేది, పెడితే అదే దుకాణం. ఆదివారాలు నేనూ వెళ్ళేదాన్ని. నల్లటి ఇసుక, టమాటా భజియాల నూనె పొగ, నిప్పుల మీద చిటపటలాడే మక్క కంకులు, ఉప్పుగాలికి జిగటగా అంటుకునే జుట్టు, బుగ్గలు ఊదీ ఊదీ నొప్పెట్టే నా దవడలు, అన్నీ కలిసి నాకు ఆదివారం. గురి తప్పిన కాలేజీ కుర్రాళ్ళు తుపాకి వంకరదని గొడవపెడితే అత్త లేచి వచ్చేది. తుపాకి అందుకుని, ఒక్క చేత్తో గొట్టం వంచి, ఛర్రా పెట్టి, వాళ్ళు ఏ రంగు చెబితే ఆ రంగు బుగ్గ పేల్చి, మళ్ళీ వాళ్ళ చేతికే ఇచ్చేది. అట్లాంటి మనిషి నాకు అత్త అయినందుకు బడిలో నేను ఎంత గొప్పలు పోయేదాన్నో చెప్పలేను.

నాకు పదమూడో ఏడు నడుస్తుండగా, అత్త నాలుగు రోజుల కోసమని కరీంనగర్ దిక్కున్న మా ఊరికి పెళ్ళికి వెళ్ళి లాక్‌డౌన్‌లో చిక్కుకుపోయింది. వెళ్ళేముందు తుపాకిని గోనెలో చుట్టి మగ్గాల కార్ఖానాల మధ్య, భేస్తాన్‌లోని మా గదిలో సజ్జ మీద పెట్టి, నూనె సీసా నా చేతికిచ్చింది. వారం వారం నాలుగు చుక్కలు వెయ్యాలి, గుడ్డతో తుడవాలి, అంతే పని. సముద్రపు గాలి తగిలిన ఇనుమును నమ్మకూడదని మరీ మరీ చెప్పింది.

మొదటి మూడు వారాలు చేశాను. తర్వాత నాకు రెక్కలొచ్చాయి. పుట్టినప్పటి నుంచి గోడల్లోంచి వినిపించే మగ్గాల చప్పుడు ఆగిపోయింది. కార్ఖానా గల్లీల్లో టెంపోలు లేవు, బట్టల తానులు మోసే బండ్లు లేవు. పోలీసు జీపు వచ్చిపోయిందంటే చాలు, ఆ ఖాళీ గల్లీలన్నీ మా సైకిళ్ళవే. పెద్దవాళ్ళు గింజలు చూసుకుని వండుకుంటున్న రోజుల్లో నేనంత సంతోషంగా ఉన్నానని చెప్పడానికి ఇప్పటికీ సిగ్గే, కానీ ఉన్నాను. నా సైకిల్ చైను కిర్రుకిర్రుమంటుంటే ఆ నూనె దానికే పోశాను, సీసా అయిపోయేదాకా. ఆదివారం అత్త ఫోన్ చేసి నూనె పెట్టానా అని అడిగేది. పెట్టానని చెప్పేదాన్ని. వానాకాలమంతా అదే ప్రశ్న, అదే జవాబు.

రైళ్ళు మొదలైనా ఒడ్డు మూసే ఉండటంతో ఊళ్ళోనే ఆగిన అత్త, దీపావళి దాటాక గరిజెల డబ్బాతో దిగింది. వచ్చే ఆదివారం నుంచి ఒడ్డున దుకాణాలు పెట్టుకోనిస్తారని తెలిసింది. ఎనిమిది నెలలుగా పనిలేని మనిషికి ఉన్నది ఆ ఒక్క తుపాకే. సంచీ విప్పితే, గొట్టం మీద ఎర్రటి తుప్పు. ఛర్రా పెట్టి కాల్చి చూస్తే అది ఎదురుగా ఉన్న అట్టపెట్టెను కూడా చీల్చలేదు. లోపలి తోలు వాషర్ ఎండిపోయిందని, విప్పాల్సిందేనని అత్త అన్నది. ఖాళీ సీసాను ఎత్తి వెలుతురులో చూసింది, పొడిగా ఉన్న గుడ్డను వేళ్ళతో నలిపింది. సీసా పక్కన పెట్టి, సామాను తెమ్మని నాన్నను పిలిచింది. అడకత్తెరలో పోకచెక్కలాగా అయింది నా పని.

భుజానికి ఆనించే చెక్క దస్తా ఊడింది గానీ, లోపలి స్ప్రింగును ఆపే వెనక దిమ్మను పట్టి ఉంచే అడ్డం పిన్ను మాత్రం కదలలేదు. మా నాన్న మగ్గాల ఫిట్టరు. ఆయన వైద్యంలో అన్ని రోగాలకూ సుత్తే మందు. సుత్తి ఎత్తేసరికి అత్త ఆయన మణికట్టు పట్టుకుంది.

"కొడితే దాని తల ఉబ్బుతది తమ్మీ. ఇగ జన్మల ఎల్లది."

ఒక రోజంతా పిన్ను రెండు కొసలకూ కొత్త నూనె చుక్కలు చుక్కలుగా వేస్తూనే ఉంది. మర్నాడు పొద్దున గొట్టం వంచి, లోపల ఛర్రా లేదని తాను చూసి, నాకూ చూపించింది. తుపాకిని మడతపెట్టిన గోనె మీద నిటారుగా నిలబెట్టింది. వెనక దిమ్మ మీద నాన్న తెచ్చిన పాత మగ్గం నాడెను, దారం కండెను అటూ ఇటూ నడిపే ఆ చెక్కను, ఆనించి, మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులతో, ఛాతీతో తన బరువంతా దాని మీద వేసింది.

"తుప్పు నూనెకు వదిలింది. ఇగ స్ప్రింగు బరువుకు పట్టుకున్నది. లోపలికెళ్ళి అది నూకుతున్నది గద. నేనిట్ల ఒత్తి పిన్ను మీది బరువు జర దించితే అదే వస్తది. ఇప్పుడు నూకు బిడ్డా."

సుత్తికి లొంగని పిన్ను నా చూపుడు వేలికి, జడలోంచి తలపిన్ను జారినట్టు జారి వచ్చింది. ఆ పనితనానికి నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాను. అప్పుడే నా బుర్రకు ఇంకొకటి తట్టింది. అత్త చేతులు ఖాళీగా లేవు. ఇప్పుడు వదిలితే స్ప్రింగు ఎగిరి మొహం మీదికి వస్తుంది. చెప్పడానికి ఇంతకన్నా మంచి సమయం దొరకదు.

"అత్తా, నూనె పెట్టలే. సైకిల్‌కు పోసిన."

ఆమె మెడ నరాలు బిగుసుకున్నాయి. కళ్ళు మాత్రం నాడె మీదనుంచి కదలలేదు.

"ముందు ఆ పిన్ను పైలంగ పెట్టు. కోపం తర్వాత."

అని, ఊపిరి బిగబట్టి, గింజంత గింజంతగా పైకి లేస్తూ స్ప్రింగును బయటికి రానిచ్చింది. తోలు వాషర్‌ను నూనెలో నానబెట్టి, మెత్తబడేదాకా వేళ్ళతో పిసికి, అదే పిన్నుతో మళ్ళీ బిగించింది. ఆదివారం ఒడ్డున మూతిగుడ్డ కట్టుకుని మొదటి బుగ్గ తానే పేల్చింది. ఆ చప్పుడుకు పక్క భజియాల ఆయన కూడా నవ్వాడు. ఆ కోపం కోసం నేను వారం ఎదురుచూశాను, నెల చూశాను. రాలేదు.

మరుసటి ఏడు ఎండాకాలంలో అత్తకు కరోనా సోకింది. ఇరవై రోజులు ఆసుపత్రిలో ఉండి బతికి వచ్చింది గానీ, ఊపిరితిత్తులు మునుపటిలా లేవు. నాలుగడుగులు వేస్తే ఆగాలి. దుకాణం పోయింది, నల్లగుడ్డ పలక పోయింది, ఆ గల్లీల్లో ఇప్పుడు సైకిల్‌కు సందు లేదు. తుపాకి ఒక్కటి మిగిలింది.

ఈ పొద్దున నాడె ఆనించి, నా బరువంతా వేసి నేను నొక్కాను. అత్త నెమ్మదిగా కూర్చుని వేలితో పిన్నును నూకింది. అది వచ్చింది. దాన్ని గుడ్డలో పైలంగా పెట్టి, నాడె వదల్లేని నా రెండు చేతుల వైపు చూసి, ఇన్నేళ్ళ తర్వాత నా నెత్తిన ఒక మొట్టికాయ వేసింది.

"ఇది ఆ నూనెకు" అన్నది.

నవ్వాను. దెబ్బ అసలు తగల్లేదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగితే తుడుచుకోవడానికి చేతులు ఖాళీగా లేవు. ఆ రోజే కొట్టి ఉంటే బాగుండేది. అప్పుడు అత్త చేతుల్లో బలముండేది.