క్లచ్ అందిన దసరా

మా చిన్నప్పుడు గోదావరిఖనిలో మా క్వార్టరు ముందు జీపు ఎప్పుడూ ఎత్తు మీదే నిలబడి ఉండేది... బ్యాటరీని నమ్ముకుంటే బాపుకు డ్యూటీ అందదు మరి! బ్రేకు వదిలి, పల్లానికి దొర్లిస్తూ గేరు వేస్తే గానీ జీపు అయ్యగారు దగ్గి లేచేవారు కాదు. వాడకట్టు పిల్లలమంతా వెనక నుంచి తోసేవాళ్లం.

మా బాపు బొగ్గుబాయి వర్క్‌షాపులో ఫిట్టరు. ఎవరో కాంట్రాక్టరు వాడి వాడి వదిలేసిన జీపును హర్రాజులో పాడుకుని తెచ్చాడు. ఆ రోజు అవ్వ మొహం చూడాలి! అమ్మను మేం అవ్వ అనే పిలిచేవాళ్లం.

"ఇద్దరు పిల్లలు సాలరా, ఇగ దీన్ని గూడ సాదాల్నా?" అంది.

నిజంగానే సాదాం... పొద్దున్నే రేడియేటరులో నీళ్లు పోయడం నా పని. బొగ్గు దుమ్ముతో మూసుకుపోయిన ఫిల్టరును కిరోసిన్‌తో కడగడం నా పని. మూడో గేరు జారిపోకుండా కడ్డీకి మోకాలు ఆనించాలని, బ్రేకు రెండుసార్లు తొక్కితే గానీ పట్టదని బాపు చూపించింది నాకే. తమ్ముడికి పెట్రోలు వాసన అస్సలు పడేది కాదు. ఎక్కాడంటే వాంతులే.

ఎండాకాలంలో గోదావరి ఇసుకలో దిగి, అవతల మందమర్రిలో ఉండే మేనత్త ఇంటికి పోయేవాళ్లం. ఒడ్డున ఆపి, నాలుగు చక్రాలూ లాగే చిన్న గేరు వేసేవాడు బాపు.

"ఇసుకల ఆగొద్దు బిడ్డా. గేరు మార్చొద్దు. గట్లనే గుంజుకపోవాలె."

పక్క సీట్లో కూర్చుని, లేని క్లచ్‌ను నేనూ తొక్కేదాన్ని...

"నాకెప్పుడు నేర్పుతవ్ బాపూ?"

"కాలు క్లచ్‌కు అందనియ్యి. ఇగ నువ్వే నడుపుదువు."

ఆ మాటను నేను దేవుడి మాటలా నమ్మాను. ప్రతి దసరాకు జీపును కడిగి, బంతిపూల దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాక, నన్ను డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి కాలు చాపమనేవాడు. బొటనవేలు గాలిలో ఆడేది. "వచ్చే దసరాకు" అనేవాడు. తొందరగా పొడుగవ్వాలని ఏడాదంతా జామకొమ్మకు వేలాడేదాన్ని. కొమ్మ విరిగి ఒకసారి అవ్వ చేతిలో తన్నులు కూడా తిన్నాను.

ఒక ఏడు నిజంగానే పొడుగయ్యాను... ఆ వానాకాలమే పెద్దమనిషినయ్యాను. అవ్వ మూలన కూర్చోబెట్టింది, చుట్టాలు వచ్చారు, లంగా మీదికి ఓణీ వచ్చింది. నాకవేవీ పట్టలేదు. నా ధ్యాసంతా దసరా మీదే.

పండగ పొద్దున నిమ్మకాయలు పెట్టడం కాగానే, లంగా ఎగదోపుకుని సీట్లోకి ఎక్కేశాను. క్లచ్ తొక్కాను. అడుగంటా పోయింది!

"బాపూ... అందింది!" అని అరిచాను.

బాపు నా కాలి వైపు చూడలేదు. వాడకట్టు వైపు చూశాడు.

"దిగు బిడ్డా. పెద్దపిల్లవైనవ్. నలుగురు సూత్తున్నరు."

దిగాను. బాపు తమ్ముణ్ణి ఎత్తి ఆ సీట్లో కూర్చోబెట్టాడు. వాడికి కాలు అందలేదు. బాపు ఒక్క క్షణం ఆలోచించి, "లోపట బొంత ఉంటది, తే" అని నాకే చెప్పాడు. తెచ్చాను. మడతలు పెట్టి వాడి వీపు వెనక ఇరికించాడు. వాడు ముందుకు జరిగాడు... కాలు అందింది.

బొంత! మేం రోజూ పడుకునే బొంత! ఇన్ని దసరాలూ అది ఇంట్లోనే ఉంది కదా... నన్ను దింపినందుకు కాదు, ఆ బొంతను చూసి ఏడ్చాను నేను. నమ్మించి గొంతు కోయడం అంటే ఏమిటో ఆ పొద్దున తెలిసింది. కోసింది పరాయివాడైతే ఇంత గుర్తుండేది కాదేమో.

మర్నాటి నుంచి రేడియేటరులో నీళ్లు పోయలేదు. ఎందుకని బాపు అడగనూ లేదు.

పెళ్లయ్యాక నన్ను ఆ జీపులోనే గోదావరి దాటించి అత్తారింటికి సాగనంపారు. నడిపింది తమ్ముడు. నడి ఏట్లో, ఇసుకలో, గేరు మార్చబోయాడు... కడ్డీ మీద వాడి చెయ్యి పడగానే బండి దిగబడుతుందని నాకు తెలిసిపోయింది. కానీ చెప్పలేదు. పెళ్లికూతురు నోరు విప్పకూడదు కదా! బండి కూరుకుపోయింది. బాపు ధోతి ఎగ్గట్టి, చెమటలు కక్కుతూ వెనక నుంచి తోశాడు. పట్టుచీరలో కదలకుండా కూర్చున్నాను.

చాలా ఏళ్లకు... ఆ జీపు తుక్కు కింద పోయాక, నా బిడ్డ ఉద్యోగం చేసి కొత్తరకం జీపు కొనుక్కుంది. ముసలి బాపును ముందు సీట్లో ఎక్కించుకుని బసంత్‌నగర్ దాకా తిప్పింది. వెనక సీట్లో నేను. మనవరాలు గేరు మారుస్తుంటే బాపు మురిసిపోయాడు.

"ఆడపిల్లలకు డ్రైవింగ్ నేర్పాలెనని నేను ఎప్పటిసంది చెప్తనే ఉన్న!"

నా బిడ్డ అద్దంలోంచి నన్ను చూసింది. "అవునా అమ్మా?"

నేను కిటికీ అద్దం దింపుకున్నాను.

బాపు ఇప్పుడు లేడు. నాకు డ్రైవింగ్ ఇప్పటికీ రాదు. ఈ కాలం బండ్లలో సీటు కింద ఒక మీట ఉంటుంది... లాగితే సీటే ముందుకు జరుగుతుంది. ఎంత చిన్న కాలికైనా క్లచ్ అందుతుంది, ఎవరినీ అడగక్కర్లేదు.

మీ ఇంట్లో ఆ బొంత ఎవరి వీపు వెనక పెట్టారు...? కింద రాయండి, చదువుకుంటాను.