మౌస్ ముట్టకుండా ఆరు వారాలు

మా ముత్తాత ఉత్తర తీరంలో ఒక చెరకు ఎస్టేటుకు సర్దారు. మన ఊళ్ల నుంచి కూలీగా సముద్రం దాటి ఈ దేశంలో ఓడ దిగి, కొన్నేళ్లలోనే వంద మందికి పని పురమాయించిన మనిషి. మా తాత సీ కౌ లేక్ దగ్గర అరటి తోట కొని, గుడి పక్కన తెలుగు బడి కట్టించారు. నేను అక్షరాలు దిద్దింది అక్కడే. మా నాన్నకు నాలుగు బస్సులు ఉండేవి, గుడి కమిటీకి ఆయనే అధ్యక్షుడు, ఏ పెళ్లికి వెళ్లినా ముందు వరుసలో కుర్చీ. ఇదంతా గొప్ప కోసం చెప్పడం లేదు. పరీక్షకు కూర్చున్నది ఏ ఇంటి మనిషో తెలియకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు.

నాన్నకు యాభై దాటాక కుడిచెయ్యి వణకడం మొదలైంది. అది జబ్బని ఎవరూ అనుకోలేదు. మావాళ్లలో చెయ్యి వణికితే ఒకటే అర్థం, తాగుతున్నాడని. నాన్న జన్మలో మందు ముట్టలేదు. ఆ సంగతి ఇంకొకరికి చెప్పుకోవడమే నామోషీ అనుకుని నోరు విప్పలేదు. ముందు కమిటీ పదవి పోయింది. తర్వాత తాగుబోతు బస్సులని జనం ఎక్కడం మానేశారు. అమ్మ ఆయనకు టీ ఎప్పుడూ సగం కప్పే పోసేది, తొణక్కుండా.

నాకు నలభై ఆరో ఏట, ఒక ఉదయం నా భార్య సగం కప్పు టీ తెచ్చి ముందు పెట్టింది.

అప్పుడు నేను ప్రాస్పెక్టన్‌లో, కార్ల ఫ్యాక్టరీకి విడిభాగాలు పంపే ఒక గోదాములో గుమస్తాను. ఈ దేశంలో తెల్లవాళ్లూ నల్లవాళ్లూ మావాళ్లూ అందరం మొదటిసారి ఒకే వరుసలో నిలబడి ఓటు వేసి ఏడాది దాటింది. గోదాముకు కొత్త యాజమాన్యం వచ్చింది. టైపు మిషన్లు తీసేసి కంప్యూటర్లు పెట్టారు. ఉన్నది ఆరుగురం, ఉంచేది నలుగురిని. ఆరు వారాల శిక్షణ, ఆపైన పరీక్ష. రిజర్వాయర్ హిల్స్‌లో మాకు మిగిలిన ఒక్క ఇల్లూ నా జీతం మీదే నిలబడి ఉంది.

మొదటిరోజు మౌస్ మీద చెయ్యి పెట్టగానే తెర మీది బాణం వేడి పెనం మీద నీటిచుక్కలా గంతులేసింది. వెంటనే చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నాను. మణికట్టు బల్లకు ఆనించి మీటలు నొక్కితే మాత్రం వణుకు కనబడేది కాదు. ఇక మౌస్ ముట్టకూడదని అక్కడే నిర్ణయించుకున్నాను.

మధ్యాహ్నం భోజనం వేళ అందరూ బయటికి పోతే, యంత్రంలోని సహాయం పేజీలు ఒక్కొక్కటే చదివాను. కంట్రోల్, ఎస్కేప్ కలిపి నొక్కితే స్టార్ట్ మెనూ తెరుచుకుంటుంది. ఆల్ట్ నొక్కి, గీత ఉన్న అక్షరం కొడితే ఆ పని జరుగుతుంది. ట్యాబ్ కొడితే ఒక గడి నుంచి ఇంకో గడికి పోవచ్చు. మనం ఎక్కడ ఉన్నామో చెప్పేది సన్నటి చుక్కల గీత ఒక్కటే. అది కళ్ల ముందు నుంచి తప్పిపోతే మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టుకోవాలి. ఏ తెరలో ఎన్ని ట్యాబులో బట్టీ పట్టాను. పక్క కుర్చీవాడు నన్ను లార్డ్ అని పిలిచేవాడు. లార్డ్‌గారు పియానో వాయిస్తున్నారు, చప్పట్లు కొట్టండి అని ఇంగ్లీషులో అరిచేవాడు. నాలుగో వారానికి వాడి కంటే నేనే ముందు పూర్తి చేసేవాణ్ణి.

సహాయం చివర్లో ఇంకొకటి ఉంది. ఎడమవైపు ఆల్ట్, షిఫ్ట్, వాటితో నమ్‌లాక్ కలిపి నొక్కితే, అంకెల మీటలతోనే బాణాన్ని నడపవచ్చు. కానీ అది అవయవలోపం ఉన్నవారి కోసం అని రాసి ఉంది. ఆ పేజీ మూసేశాను.

మాకు నేర్పింది హైదరాబాదు నుంచి కొత్తగా వచ్చిన అమ్మాయి, ముప్పై కూడా లేవు. నాతో మాత్రం తెలుగులో మాట్లాడేది. మా నాయనమ్మ కూడా ఇంత పాత తెలుగు మాట్లాడదు సార్ అని నవ్వేది.

పరీక్ష రోజు మేనేజరు తలుపు దగ్గర నిలబడ్డాడు. తొమ్మిది పనులూ వరసగా చేసుకుపోయాను. పదోది శిక్షణలో ఎన్నడూ చూపించనిది. గోదాము పటంలో ఒక పెట్టెను ఈ వరస నుంచి ఆ వరసకు జరపాలి. ఆల్ట్ కొట్టాను, మెనూలో దారి లేదు. ట్యాబ్ కొట్టాను, చుక్కల గీత అంచుల చుట్టూ తిరిగిందే గాని పటంలోకి పోలేదు. ఇంకా ఏడు నిమిషాలు. మౌస్ జానెడు దూరంలో ఉంది. పక్కవాడు ముగించి, ఒళ్లు విరుచుకుని, నా తెర వైపు చూస్తున్నాడు.

ఆ మూడు మీటలూ కలిపి నొక్కాను.

యంత్రం కూత పెట్టింది. గదిలో తలలన్నీ తిరిగాయి. తెర మీద ఒక చిన్న పెట్టె వచ్చింది. ఇది ఎలాంటివారి కోసమో అందులో రాసి ఉంది. కావాలంటే ఎంటర్, వద్దంటే ఎస్కేప్. ఆ అమ్మాయి వచ్చి నా వెనక నిలబడి, అది చదివింది.

"ఎంటర్ కొట్టండి సార్," అంది చిన్నగా, తెలుగులో. "ఇలాంటివాళ్లని పనిలోంచి తియ్యకూడదని కొత్త రూల్స్ వస్తున్నాయి. నేను రాసిస్తాను."

"ఎలాటోల్లని?"

ఆమె నా చెవి దగ్గరికి వంగింది. "మీ చెయ్యి నేను మొదటి వారమే చూశాను సార్. ఇక్కడ మన భాష ఎవరికీ రాదు. కొట్టండి."

మేనేజరు మా వైపు నడిచి వస్తున్నాడు. ఆమె కాగితం మీద రాస్తే అది అతని బల్ల మీదికి పోతుంది. అక్కణ్ణుంచి టీ గదికి, అక్కణ్ణుంచి గుడికి. ఆ తండ్రికి ఆ కొడుకేగా అంటారు. నా వేలు ఎంటర్ మీదే ఉంది.

"మీట తప్పు పడినాదమ్మా," అన్నాను. "నాకేటీ నేదు."

ఎస్కేప్ కొట్టాను. చిన్న పెట్టె మాయమైంది. మిగతా నిమిషాలు నిటారుగా కూర్చున్నాను. పటంలో పెట్టె కదల్లేదు. గంట కొట్టేదాకా ఆమె నా వెనకే నిలబడి ఉంది.

నాలుగో కుర్చీ పక్కవాడికి వచ్చింది. ఆ సాయంత్రం నా భార్య ఒక్కటే అడిగింది, చెప్పేస్తే ఏటయ్యేదని. ఏమయ్యేదో నాకు తెలుసు, ఉద్యోగం ఉండేది. వైద్యుడి దగ్గరికి ఐదేళ్ల తర్వాత వెళ్లాను. తాగుడుతో సంబంధం లేదు, వంశంలో వచ్చేదే అని చెప్పి దానికి ఒక పేరు రాసిచ్చాడు.

రిజర్వాయర్ హిల్స్ ఇల్లు మాత్రం పరీక్ష జరిగిన సంవత్సరమే, కర్టెన్లతో సహా, ఒక పళ్ల డాక్టరుకు అమ్మేశాం.