జీడితోటలో నా కూతకు పలికిన గొంతు

దెయ్యాలంటే నాకు ఎప్పుడూ నమ్మకం లేదు. లెక్కల టీచర్ని. కాశీబుగ్గలో ఫలానా ఇంట్లో గజ్జెల చప్పుడు వినిపించిందని ఎవరైనా చెబితే, ఎలకలై ఉంటాయిలే అని కొట్టిపారేసే రకాన్ని. ఇప్పుడు నేనే ఇది రాస్తే మా స్టాఫ్ రూములో నవ్వుకుంటారని తెలుసు. నవ్వుకోనివ్వండి.

కొన్నేళ్ల కిందట నా గొంతు పోయింది. జలుబు కాదు, దగ్గు కాదు. క్లాసులో నిలబడి నోరు తెరిస్తే మాట గొంతులోనే ఆగిపోయేది. డాక్టరు పరీక్ష చేసి, లోపల ఏ జబ్బూ లేదమ్మా, మనసుకు విశ్రాంతి కావాలి అన్నారు. అది మందుల షాపులో దొరికితే బాగుండేది. ఒకపక్క పదో తరగతి రిజల్ట్స్ గొడవ. ఇంకోపక్క మామగారిని డయాలసిస్‌కి తిప్పడం. ఆపైన పిల్లల తల్లిదండ్రుల ఫోన్లు. ఇంట్లో నేను ఒంటరిగా ఉండగలిగే చోటు బాత్రూమొక్కటే. అక్కడా తలుపు కొట్టేవారు.

వేసవి సెలవుల ముందు హెడ్మాస్టరు పిలిచి, బడి తెరిచేసరికి గొంతు రాకపోతే ఆఫీసు పని చూసుకోండి అన్నారు. మర్యాదగానే చెప్పారు. కానీ పాఠం చెప్పడం తప్ప నాకు ఇంకేదీ చేతకాదు, చెయ్యాలనీ లేదు. ఇంటికొచ్చి ఏడ్చాను. ఆ ఏడుపుకీ చప్పుడు లేదు.

మందస దాటి సముద్రం వైపు వెళ్తే మా మేనత్త జీడితోట ఉంది. జీడిపిక్కలు ఏరడానికి మనుషులు దొరకడం లేదని ఆవిడ ఒకటే పోరు. మామగారి సంగతి తాను చూసుకుంటానని మా ఆయనే నన్ను పంపించారు. మొదటి రోజు పొద్దున్నే అత్త నా చేతికి బుట్ట ఇచ్చి, ఒక్క మాట చెప్పింది.

"కూతెయ్యకుండా లోనికి ఎల్లకే. పళ్ల వాసనకి ఎలుగు వత్తాది. మడిసి గొంతు ఇంటే అదే ఎల్లిపోతాది."

ఎలుగుబంట్లు తిరిగే మా ఉద్దానం ప్రాంతంలో ఇది కొత్తేమీ కాదు. తోట మొదట్లో నిలబడి "ఓ..." అని కూత పెడతాం. పక్క తోటలో ఎవరైనా ఉంటే వాళ్లూ తిరిగి కూత పెడతారు. అది విన్నాక ధైర్యంగా లోపలికి వెళ్తాం. విని కూడా పలక్కపోతే మర్యాద కాదు.

గొంతు లేనిదాన్ని పట్టుకుని కూతెయ్యమంటే ఏం చెయ్యను? చుట్టూ ఎవరూ లేరు కదా అని నోరు తెరిచాను. పిల్లికూన అరుపులాంటిది బయటికొచ్చింది. ఎలుగు వింటే జాలిపడి ఉండేది.

అప్పుడు సముద్రం వైపు నుంచి జవాబు వచ్చింది. ఆడగొంతు. నా కంటే ఒక్క పిసరు గట్టిగా, చివర కాస్త సాగదీసి. పక్క తోట ఆవిడ కాబోలు, ఈ పాటి గొంతుకి కూడా పలికింది మహాతల్లి అనుకుని లోపలికి నడిచాను.

ఆ తోటలో సిగ్నల్ రాదు. రాలిన పళ్లు ఏరడం, పిక్క మెలితిప్పి బుట్టలో వేయడం, అంతే పని. మధ్యాహ్నం కొమ్మల నీడలో చాప వేసుకుంటే, పళ్ల పులుపు వాసనలో, ఉప్పుగాలిలో హాయిగా నిద్ర పట్టేది. నన్ను ఎవరూ ఏమీ అడగని చోటు ఈ భూమ్మీద ఒకటుందని నాకు అప్పటిదాకా తెలియదు. ఎంత సుఖమో చెప్పలేను.

రోజూ పొద్దున్న కూత, రోజూ జవాబు. నేను ఎంత గట్టిగా అరిస్తే ఆవిడ అంతకంటే ఒక మెట్టు పైన పలికేది. పిల్లల చేత ఎక్కాలు చెప్పించేటప్పుడు నేనూ అలాగే చేస్తాను. అందుకోవాలని నేనూ పెంచేదాన్ని. సెలవులు సగమయ్యేసరికి నా కూతకి కొమ్మల మీద కాకులు లేస్తున్నాయి.

ఒకరోజు అన్నాల దగ్గర, పక్క తోట ఆవిడ భలే మనిషి అత్తా, రోజూ పలుకుతుంది అన్నాను. అత్త ముద్ద కలపడం ఆపేసింది.

"అటేపు ఎవులున్నారే? తుపానుకి సెట్లన్నీ పడిపోనాయి. ఆల్లంతా ఎప్పుడో సెన్నై ఎల్లిపోనారు."

నేను ఊరుకునేదాన్ని కాదు. అది ప్రతిధ్వని అనుకుందామంటే, నా గొంతు నాకే పెద్దదై తిరిగి రాదు. పైగా కొండలున్నది పడమర వైపు, ఆ గొంతు వచ్చేది తూర్పు నుంచి. మర్నాడు అత్త కూతురిని, మా వదినని, వెంటబెట్టుకుని వెళ్లాను. కూత పెట్టాను. జవాబు వచ్చింది. వదిన నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఎవులో ఉన్నారే. పద, సూద్దాం."

ఇద్దరం కంచె దాటి వెళ్లాం. వేళ్లతో సహా పడిపోయి ఎండిన మొద్దులు, వాటి మీదికి ఎక్కిన ఇసుక. ఆ ఇసుకలో మా అడుగులు తప్ప వేరే అడుగులు లేవు. ఇంకా ముందుకు పోతే ఒడ్డున ఒకాయన వల బాగుచేసుకుంటున్నాడు. ఇటు ఎవరైనా ఆడవాళ్లు వచ్చారా బావా అని వదిన అడిగింది.

"పొద్దున్నించి ఈడనే ఉన్నాను. మీరే రావడం," అన్నాడాయన.

వదిన మళ్లీ ఆ తోటలో అడుగు పెట్టలేదు. నేను మర్నాడు మామూలుగానే వెళ్లాను. భయం వేయలేదా అంటే వేసింది. కానీ బడి తెరిచాక పిల్లల ముందు నోరు పెగలకపోతే ఎలా అన్న భయం ముందు అదెంత? సెలవుల్లో చివరి రోజున ఎంత గట్టిగా కూత పెట్టానంటే, ఇంటి దగ్గర అత్తకి వినిపించిందట.

బడి తెరిచారు. తొమ్మిదో తరగతి, మొదటి పీరియడ్. బోర్డు వైపు తిరిగి ఊపిరి పీల్చుకున్నాను. పాఠం మొదలుపెట్టాను. మాట వచ్చింది. చివరి బెంచీ దాకా వెళ్లింది, గోడ దాటి వెళ్లింది. కాసేపటికి పక్క క్లాసు తెలుగు మాస్టారు తలుపు దగ్గరికొచ్చి, మీ లెక్కలు మా పిల్లలకి కూడా వచ్చేస్తున్నాయి, కాస్త తగ్గించండి మేడం అన్నారు. ఆ మాట నాకు దండ వేసినట్టయింది. ఆఫీసు పని ఊసు మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఇప్పటికీ సెలవు దొరికితే తోటకే వెళ్తాను. ఇంట్లోవాళ్లకి కూడా అలవాటైపోయింది, అమ్మ తోటకెళ్లింది అంటే ఎవరూ ఫోన్ చెయ్యరు. ఆవిడ ఎవరో, అసలు ఎవరైనా ఉన్నారో లేదో నాకు తెలియదు. ఎన్ని రకాలుగా ఆలోచించినా లెక్క తేలలేదు.

మొన్న వేసవిలో ఒక పొద్దున నేనింకా నోరు తెరవకముందే సముద్రం వైపు నుంచి కూత వినిపించింది. రోజూ పలికే గొంతు కాదు. ఎవరిదో నలిగిపోయిన గొంతు. సగంలోనే ఆగిపోయింది.

చేతిలో బుట్ట కింద పెట్టాను. ఆ గొంతు కంటే ఒక్క పిసరు గట్టిగా, అంతకు మించకుండా, తిరిగి పలికాను. కాసేపు గాలి చప్పుడే. తర్వాత అటునుంచి మళ్లీ వచ్చింది, ఈసారి ఆగిపోకుండా చివరిదాకా.