కృపారాణి ఎంచిన హాస్టల్

తిరుపతిలోని ఆ విశ్వవిద్యాలయంలో కృపారాణి క్యాంటీనులోకి వస్తే బల్లల దగ్గర మాటలు సన్నగిల్లేవి. ఇంటర్నల్ ఆడిట్ ఆఫీసరమ్మ వచ్చిందంటే ఎవరికో మూడిందని అందరి భయం. చిత్తూరు జిల్లా ఐరాలలో పుట్టిన కృపారాణికి పెళ్లి కాలేదు. ఆదివారం చర్చి, మిగతా రోజులు ఆఫీసు, సాయంత్రమైతే అద్దె గది. ఆమె ఎదుట కూర్చుని నాలుగు మాటలు చెప్పేది అమ్మాయిల హాస్టల్ వార్డెన్ రిహానా ఒక్కతే.

ఏటా వేసవి సెలవుల ముందు, రాబోయే ఏడాది వేటిని తనిఖీ చేయాలో కృపారాణి తేల్చాలి. ఉన్నది తనూ, సహాయకుడు మునిశేఖరూ. అన్నీ చూడటం అయ్యే పని కాదు. దొంగ ఎవరా అని ఆమె వెతికేది కాదు. ఎక్కడ పొరపాటు జరిగితే ఎక్కువమందికి ముప్పు, ఆ చోటు చూసి ఎన్నాళ్లయింది, అని ఆలోచించేది. ప్రతి విభాగానికీ వెళ్లి, "దేన్ని తలుచుకుంటే మీకు నిద్ర పట్టదు?" అని అడిగేది. చాలామంది నవ్వి తప్పించుకునేవారు.

ఆ ఏడాది పరీక్షల విభాగం, రసాయన ప్రయోగశాల జాబితాలో ముందుకొచ్చాయి. కానీ ఎటు తిప్పి చూసినా అమ్మాయిల హాస్టలే మొదట నిలిచింది. అగ్గి పుడితే అంతమంది పిల్లలు ఎటు బయటపడతారో ఎవరూ చూసింది లేదు. దాన్ని కిందికి జరుపుదామంటే ఆమెకు చేతులు రాలేదు. రిజిస్ట్రారు దగ్గరికి వెళ్లి, "వార్డెన్ నా స్నేహితురాలు సార్. తనిఖీకి నేను పోను, మునిశేఖర్ పోతాడు" అని చెప్పింది.

మర్నాడే రిహానా వచ్చి నిలబడింది.

"మా హాస్టల్‌ను నువ్వే పెట్టినావంట గదక్కా?"

"నేనే."

"నాతో ఒక్క మాట చెప్పింటే అన్నీ సర్దిపెట్టుకుందును గదా!"

"ముందే చెప్తే అది తనిఖీ యాడవుతాది రిహానా? అనుమానం నీ మీద కాదు. ఆడ అంతమంది పిల్లోల్లు ఉండారు."

"అది నీకు తెలుసు, నాకు తెలుసు. జనం మాత్రం నన్నే అంటారు. ఆ మాటలు పడేది నువ్వు కాదు గదా."



మునిశేఖర్ వెళ్లి చూస్తే వెనక మెట్ల తలుపుకు తుప్పు పట్టిన తాళం. పాత వార్డెన్ ఎప్పుడో వేయించింది. తాళంచెవి ఎక్కడుందో ఎవరికీ తెలియదు. కొత్త తలుపు పెట్టించారు. రిహానాను ఎవరూ తప్పుపట్టలేదు. అయినా ఆమె మళ్లీ కృపారాణి దగ్గరికి రాలేదు.

ఒక సాయంత్రం హాస్టల్ పక్కగా పోతూ కృపారాణి ఆగింది. అగ్గి పుడితే బయటపడే సాధన కోసం గంట మోగగానే అమ్మాయిలు కేరింతలు కొడుతూ వెనక మెట్ల మీదుగా దిగుతున్నారు. కింద నిలబడిన రిహానా, "తోసుకోవద్దండమ్మా!" అని అరుస్తూ తలెత్తి, రోడ్డు మీదున్న కృపారాణిని చూసింది. చూసి, మళ్లీ పిల్లల వైపు తిరిగింది.

చివరి పిల్ల దిగేదాకా కృపారాణి అక్కడే నిలబడింది.