సముద్రంలో దించిన మీటరు, బావ అన్న మాట

మా అక్క కూతురి ఓణీల ఫంక్షన్‌లో మైకు సెట్టు నేనే పెట్టాను. ఎనభైల్లో చిలకలూరిపేట హైవే పక్కన నాకు రేడియోలు, టేప్ రికార్డర్లు బాగుచేసే కొట్టుండేది. ఆ రోజు మైకు ఒకసారి కూసింది. కూయక ఏం చేస్తుంది? మా బావ మైకు పట్టుకుని సరిగ్గా స్పీకరు పెట్టె ముందు నిలబడి మాట్లాడాడు. అలా నిలబడితే ఏ మైకైనా కూస్తుంది. పక్కకి జరగమని చెయ్యి ఊపాను. జరగలేదు. పైగా అదే మైకులో, బంధువులందరూ వింటుండగా అన్నాడు:

"మా బామ్మర్ది చెయ్యి పడితే అంతేనండీ. మోగాల్సింది ఆగుద్ది, ఆగాల్సింది మోగుద్ది."

పందిరంతా నవ్వింది. ఎవరెవరు నవ్వారో, ఏ వరసలో కూర్చుని నవ్వారో ఇప్పటికీ చెప్పగలను. ఆ రోజు నా విస్తట్లో బూరె కూడా వెయ్యలేదు. అది వేరే సంగతి, కానీ జరిగింది.

కొన్నేళ్ళకి బావ సరుకుల ఓడలో ఉద్యోగం మానేసి వేటపాలెం వచ్చేశాడు. దగ్గరి రేవులో ఒక మోటారు పడవలో వాటా కొన్నాడు. ఏదో దేశపు రేవులో కొన్న ఒక పెట్టె కూడా తెచ్చాడు. దాన్ని డౌన్‌రిగ్గర్ అంటారట. పడవ అంచుకి బిగించే ఒక పెద్ద గిలక, దాని మీద ప్లాస్టిక్ పూత పూసిన ఉక్కు తీగ, తీగ చివర బత్తాయికాయంత సీసపు గుండు. ఆ గుండు గాలాన్ని లోతుకి లాక్కుపోతుంది. గుండుకి కాస్త పైన ఒక సెన్సరు తగిలించాలి. అది నీళ్ళ అడుగున ఎంత వేడి ఉందో, ఎర ఎంత వేగంగా పోతోందో కనిపెట్టి, తీగ గుండా పైనున్న మీటరుకి చెబుతుంది. వేగం తెలియడానికి సెన్సరు కింద రెక్కల చక్రం ఒకటి ఉంది, చిన్నపిల్లల గాలిమరలాగా. నీళ్ళు తోస్తే తిరుగుతుంది. వంజరం చేప చల్లదనం చూసుకుని ఒక లోతులో తిరుగుతుందనీ, ఎర దానికి నచ్చిన వేగంతో పోతేనే నోరు తెరుస్తుందనీ బావ చెప్పాడు.

తనే బిగించబోయి ఒక వైరు తెంపుకున్నాడు. అప్పుడు గుర్తొచ్చాను నేను.

"ఏరా, ఒకసారి వచ్చిపోరాదూ?" అన్నాడు మా కొట్టుకొచ్చి.

"నా చెయ్యి పడితే ఆగిపోద్ది గదా బావా."

"ఎవురన్నారు?"

ఎవరన్నారట! నేను తేదీతో సహా చెప్పాను. బావ తల గోక్కుని, "సరే, అది పంజేస్తే అందరి ముందూ ఆ మాట వెనక్కి తీసుకుంటా, రా" అన్నాడు. అందుకే వెళ్ళాను. చేప కోసం కాదు.

ముందు వేడి సంగతి తేల్చాలి. మీటరు చెప్పేది నిజమో కాదో తెలియాలంటే ఇంకో కొలత కావాలి. అక్క వాళ్ళింట్లో ఉన్నది జ్వరం చూసే థర్మామీటరు ఒక్కటే. బకెట్లో వేణ్ణీళ్ళకి చన్నీళ్ళు కలిపి గోరువెచ్చగా తొరిపి, అందులో సెన్సరూ థర్మామీటరూ రెండూ ముంచాను. రెండూ నూట రెండు చూపించాయి.

"నూట రెండే!" అంది అక్క గుమ్మంలోంచి, అలవాటు కొద్దీ. "తడిగుడ్డ వెయ్యాల్సిందే."

తర్వాత మంచినీళ్ళ బిందెలో ముంచి చూస్తుంటే మాత్రం ఊరుకోలేదు. "ఒరే తమ్ముడూ, ఆ సీసం గుండు దింపిన నీళ్ళు నువ్వూ మీ బావే తాగండి" అని బిందె నా ముందు పెట్టి వెళ్ళిపోయింది. సాయంత్రం దాకా అవే తాగాను.

వేగం చూడటానికి కొమ్మమూరు కాలువ వంతెన మీదికి పోయాం. గుండు నీళ్ళలోకి దింపగానే జనం చేరారు.

"ఎవరన్నా దూకారాండీ?" అన్నాడొక రైతు సైకిలు దిగి.

"ఎవరూ దూకలేదు. నీళ్ళ వేగం చూస్తన్నాం."

"పోతన్నాయిగా, కనపడట్లా?"

"ఎంత వేగంగా పోతన్నాయో ఇది చెప్పుద్ది."

"మా పొలానికి ఎప్పుడొస్తాయో చెప్పుద్దా?"

"చెప్పదు."

"మరెందుకండీ అది?" అని సైకిలెక్కి వెళ్ళిపోయాడు. కానీ మీటరులో ముల్లు లేచింది. నేను చూశాను, బావా చూశాడు. ఈ పరీక్షలన్నిటికీ ముందే తెగిన వైరు అతికి, దాని మీద సైకిలు ట్యూబు ముక్క చుట్టి, పంక్చర్లకి వాడే సొల్యూషన్ పూసి చుక్క నీరు దూరకుండా చేశాను. ఆ అతుకు సంగతి గుర్తుపెట్టుకోండి. దాన్నే తర్వాత అనరాని మాటలన్నారు.

బయల్దేరే రోజు తెల్లవారగానే పడవకి లారీ బ్యాటరీ ఎక్కించాను. పడవ నడిపే సరంగు చర్చికి వెళ్ళే మనిషి. గిలక మీద చెయ్యి పెట్టి కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన చేశాడు. నాకది నచ్చింది. వైర్ల జోలికి రాలేదు. నేను బ్యాటరీ దగ్గర వంగి కనెక్షన్లు ఇస్తుంటే, బావ గుండు నీళ్ళలోకి వదిలాడు.

మీటరు ఎనభై రెండు చూపించింది.

"అంటే సముద్రానికి జ్వరం లేనట్టేనాండి?" అన్నాడు సరంగు.

గుండు దిగేకొద్దీ అంకె తగ్గింది. నా ఛాతీ పొంగింది. కానీ వేగం ముల్లు సున్నా మీద కూర్చుంది. సరంగు ఇంజను వేగం పెంచాడు. సున్నా. తగ్గించాడు. సున్నా.

"పడవ కదలట్లేదంటావా?" అన్నాడు బావ. "ఒడ్డు కనపడక ఎంతసేపైంది! నీ సైకిలు ట్యూబుతో సముద్రాన్ని ఆపేశావు గదరా!"

"అతుకు బాగానే ఉంది బావా. అదే తీగలో వేడి కబురు వస్తందిగా? గుండు పైకి తియ్యి, చూద్దాం."

"ఏం చూస్తావు? నేను ముందే అన్లా? మోగాల్సింది…"

"తియ్యి బావా!" అని అరిచాను. ఎర ఇప్పుడే లోతుకి చేరింది, తియ్యనన్నాడు. నేను గిలక పిడి పట్టుకున్నాను. ఆయనా పట్టుకున్నాడు. ఇద్దరం చెరోవైపు తిప్పుతుంటే సరంగు ఇంజను ఆపి, "పెద్దమనుషులు మీరు, ముందు పడవలో కూర్చోండయ్యా" అన్నాడు.

చివరికి నేనే పైకి తిప్పాను. గుండు నీళ్ళలోంచి లేచింది. సెన్సరు కింద నల్ల దారం వేలాడుతోంది. దానికి ఒక నిమ్మకాయ. రెక్కల చక్రంలో అడ్డంగా ఇరుక్కుని, తొడిమలతో సహా, నిగనిగలాడే పచ్చిమిరపకాయలు.

దారం పట్టుకుని పైకెత్తి చూపించాను.

"బావా," అన్నాను, "ఈ మిరపకాయలు నేను అతికించానా?"

బావ సముద్రం వైపు చూశాడు. "మీ అక్క కట్టమంది. కొత్త యంత్రం, జనం కళ్ళు పడ్డాయి, కాలవ మీద అందరూ చూశారు, దిష్టి తగులుద్దని…"

"పడవ ముందు కట్టాలి గదా!"

"పడవ పాతదేగా. యంత్రానికే కట్టాలంది."

సరంగు నవ్వీ నవ్వీ దగ్గొచ్చి పడవ అంచు పట్టుకున్నాడు. నేను చాకుతో దారం కోసి, చక్రం శుభ్రం చేసి మళ్ళీ దింపాను. ముల్లు లేచింది, నిలబడింది. వేగం కాస్త తగ్గించమని సరంగుకి నేనే చెప్పాను. ఎండెక్కేలోగా గాలపు తాడు, దాన్ని ఉక్కు తీగకి పట్టించిన క్లిప్పులోంచి ఊడి జుయ్యిమంది. బావ చేయంత పొడవున్న వంజరం.

ఒడ్డుకి వస్తుంటే బావ గొంతు తగ్గించాడు. "మిరపకాయ సంగతి మీ అక్కతో అనమాక. తన దిష్టి తాడు వల్లే చేప పడిందనుకుంటది, అనుకోనీ."

"అనను. నువ్వు ఆ మాట వెనక్కి తీసుకో. అందరి ముందూ."

"తీసుకుంటా అన్నాగా!"

ఆదివారం వంజరం పులుసుకి బంధువులంతా వచ్చారు. పందిట్లో నవ్వినవాళ్ళు దాదాపు అందరూ ఉన్నారు. నేను లెక్క చూసుకున్నాను. భోజనాల మధ్య బావ లేచి గొంతు సవరించుకున్నాడు.

"ఆ రోజు మా బామ్మర్దిని ఒక మాటన్నాను. దాన్ని వెనక్కి తీసుకుంటన్నా."

"ఏం మాట?" అన్నాడు మా పెదనాన్న.

బావ నా వైపు చూశాడు. నేను చుట్టూ చూశాను. ఒక్కరి మొహంలోనూ ఆనవాలు లేదు. ముందు వరసలో కూర్చుని కళ్ళు తుడుచుకుంటూ నవ్విన మా పిన్ని కూడా, "ఎప్పుడన్నావు అబ్బాయా?" అంది.

"ఓణీల ఫంక్షన్‌లో. మైకులో," అన్నాను నేను. నేనే అన్నాను.

"ఏమన్నాడురా?"

చెప్పక తప్పలేదు బావకి. ఏం వెనక్కి తీసుకుంటున్నాడో తెలియాలి కదా. "మోగాల్సింది ఆగుద్ది, ఆగాల్సింది మోగుద్ది" అన్నాడు, నా మీద ఒట్టేసినంత నెమ్మదిగా.

పెదనాన్నకి పొలమారింది. పిన్ని ఇంకోసారి చెప్పమంది. బావ ఇంకోసారి చెప్పాడు. ఆ చివర కూర్చున్నవాళ్ళకి వినపడలేదట, వాళ్ళకి మా పిన్నే చెప్పింది. చిలకలూరిపేట బస్సులో కూడా ఆ మాట నా వెనక సీట్లోంచి వినిపించింది.

వారం తిరక్కముందే ఒకాయన కొట్టుకి రేడియో తెచ్చి, బల్ల మీద పెట్టి, "ఇది ఆగిపోయిందండీ. మీ చెయ్యి పడితే మోగుద్దంటగా" అన్నాడు.

బాగుచేశాను. బావ మాట నిలబెట్టుకున్నాడు కాబట్టి మిరపకాయల సంగతి ఇన్నేళ్ళూ అక్కతో నేనూ అనలేదు. రాయనని మాత్రం మాటివ్వలేదు. ఆ ఆదివారం నా విస్తట్లో పడింది తోక ముక్క.