కానుగ చెట్టు కింద వేడి రొట్టె

దయ్యాలూ భూతాలూ నేను నమ్మను. అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. ఈ సంగతి చెప్పినప్పుడల్లా ఎవరో ఒకరు "అయితే దయ్యాన్ని చూశావన్నమాట" అంటారు. నాకు ఒళ్ళు మండిపోతుంది. దయ్యం ఎక్కడైనా పిలిచి అన్నం పెడుతుందా?

నిజం చెప్పాలంటే ఆ రోజుల్లో నాకు దేవుడి మీద కూడా నమ్మకం లేదు. ఉన్న నమ్మకాన్ని ఊడ్చిపెట్టింది మా చర్చి పెద్దలే.

మాది ఆళ్ళగడ్డ దగ్గర పల్లె. నాయన నా చిన్నప్పుడే పోయాడు. మా అమ్మ రత్నమ్మ కూలికి పోయి నన్ను చదివించింది. మా చర్చిలో నెలలో మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఇచ్చేవారు, యేసయ్య గుర్తుగా ఒక రొట్టె ముక్క, గుక్కెడు ద్రాక్షరసం. ఆ బల్లకు రొట్టె కాల్చేదీ, ఎండుద్రాక్ష నానబెట్టి రసం తీసేదీ అమ్మే. శనివారం సాయంత్రం పొయ్యి అలికి, తలంటుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా కాల్చేది. రొట్టె దించేదాకా నన్ను కూడా పొయ్యి దగ్గరికి రానిచ్చేది కాదు. ఆమెకు పండుగంటే అదే.

నేను పదో తరగతిలో ఉండగా టైఫాయిడ్ వచ్చింది. నంద్యాల ఆసుపత్రిలో చేర్చారు. జ్వరం దిగలేదు. డాక్టరు అమ్మతో సరిగ్గా మాట్లాడటం కూడా మానేశాడు. అప్పుడు మా ఊరి ఖాసింబీ బస్సెక్కి వచ్చి, దర్గాలో ఊదించిన తాయెత్తు నా చేతికి కట్టింది. అమ్మ వద్దనలేదు. మంచానికి ఈ పక్క అమ్మ యేసయ్యను, ఆ పక్క ఖాసింబీ అల్లాను తలుచుకుంటూ కూర్చున్నారట. నేను బతికాను. మందులు పని చేశాయని డాక్టరు అన్నాడు. అయ్యుండొచ్చు.

ఊరికి వచ్చిన సంబరంలో ఆ తాయెత్తు విప్పడం మరిచిపోయాం. దాంతోనే చర్చికి పోయాను. మేం చేసిన తప్పల్లా అదే.

సంఘ పెద్ద దేవదానం నాకు వరసకు మామ. ఆరాధన ముగియగానే అమ్మను అందరి ముందూ నిలబెట్టాడు.

"ఏందిది రత్నమ్మా? యేసయ్య చాల్లేదా నీకు? మోకాళ్ళ మీద కూచోని పాపం చేసినానని ఒప్పుకో."

"బిడ్డ బతకాలని ఒక ఆడమనిషి కట్టిందన్నా. దాన్ని పాపమని నా నోటితో ఎట్ల చెప్పేది?" అంది అమ్మ.

అంతే, ఆమెను బల్లకు దూరం పెట్టేశారు. ఇదే దేవదానం మామ కొత్త ఎద్దులు కొంటే వాటి మెడకు దిష్టి పూసలు కట్టాడు. రాహుకాలంలో గడప దాటడు. గురివింద గింజకు తన కింద నలుపు తెలియదంటారు, ఊరికే అన్నారా!

రొట్టె కాల్చే పని కూడా పోయింది. ఆళ్ళగడ్డ బేకరీ నుంచి బన్ను తెప్పించడం మొదలుపెట్టారు. బల్ల ఇచ్చే వేళకు తలుపులు మూస్తారు. దానికి ముందే అమ్మ లేచి బయటికి వచ్చి, చర్చి ముందున్న కానుగ చెట్టు కింద నిలబడేది. తలుపులు తెరిచాక చివరి కీర్తనకు మళ్ళీ లోపలికి పోయేది. ఇట్లా ఏళ్ళకేళ్ళు! నేను ట్రైనింగ్ చేసి, నంద్యాలలో టీచరునై, చర్చి ముఖం చూడటమే మానేశాను. సిగ్గు లేకుండా ఎందుకు పోతావని అమ్మను తిట్టేదాన్ని.

"గుడి వాళ్ళబ్బది కాదు గదమ్మే" అనేది.

ఎనభైల నడుమ ఒక ఎండాకాలం సెలవులకు ఊరికి పోయాను. అమ్మకు అప్పటికే గుండె బలహీనమైంది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. ఆ మొదటి ఆదివారం పొద్దున్నే తల దువ్వుకుంటూ, "చచ్చేలోపల ఒక్కసారన్నా బల్ల తీసుకోవాలని ఉండాది మే" అంది. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఒక్కదాన్నే పంపలేక తోడు పోయాను గానీ, లోపలికి పోలేదు. కానుగ చెట్టు కిందే కూర్చున్నాను.

మధ్యాహ్నం కావస్తోంది. అమ్మ బయటికి వచ్చి నా పక్కన చేరింది. వెనక తలుపులు మూశారు. లోపల బల్ల ప్రార్థన వినిపిస్తోంది. నేను మామను నోటికొచ్చినట్టు తిడుతున్నాను.

రోడ్డు వైపు నుంచి ఒకాయన వచ్చాడు. పాత పంచె, తలకు తువ్వాలు. చేతులు మోచేతుల దాకా తెల్లగా ఉన్నాయి. బేతంచెర్ల బండల లారీలో వచ్చిన కూలీ అనుకున్నాను, రాతి దుమ్ము అట్లాగే అంటుకుంటుంది. నేరుగా అమ్మ ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"ఇంకా తినలేదా?" అన్నాడు.

ఇంట్లో మనిషి అడిగినట్టే అడిగాడు. చేతిలో గుడ్డ మడత విప్పితే జొన్నరొట్టె ఉంది. విరిచి అమ్మ చేతిలో పెట్టాడు, ఇంకో ముక్క నా చేతిలో పెట్టాడు. మామూలుగా అయితే ఎవరు నువ్వు, ఏ ఊరని నిలదీసే మనిషిని నేను. ఆ రోజు అడగాలనే తోచలేదు. రొట్టె అప్పుడే పెనం మీద నుంచి తీసినట్టు కాలుతోంది. ఈ చేతిలో నుంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ, ఊదుకుంటూ తిన్నాను.

తింటుంటే నవ్వొచ్చింది. ఎందుకో తెలియదు. కడుపులోంచి పొంగుకొచ్చింది. అంతకు ముందు నిమిషం దాకా పళ్ళు కొరుకుతున్న దాన్ని, అంత సంతోషం నాకెక్కడిది? ఇప్పటికీ ఆ సంతోషాన్ని దేనితో పోల్చాలో తెలియడం లేదు. పక్కకు చూస్తే అమ్మ కూడా నవ్వుతోంది, కళ్ళ నీళ్ళు కారిపోతున్నాయి.

తలెత్తేసరికి ఆయన లేడు. రోడ్డు దాకా పరుగెత్తాను. అటూ ఇటూ కోసేసిన చేలు, ఒక్క చెట్టు లేదు, గట్టు లేదు. లారీ లేదు. ఎండ తప్ప ఏమీ లేదు.

చర్చి దగ్గర ఉన్నది ఖాసింబీ ఇల్లొక్కటే. పోయి అడిగాను. రంజాను నెల, ఆమె రోజా ఉపవాసంలో ఉంది. "పొద్దున నుంచి పొయ్యి యాడ ముట్టించినా మే? సూసుకో పో" అంది. పొయ్యిలో చేయి పెట్టి చూశాను, బూడిద చల్లగా ఉంది. మిగతా ఇళ్ళన్నీ వాననీళ్ళు పారే వంక అవతల ఉన్నాయి. తర్వాత అక్కడ కూడా అడిగాను. ఎవరూ అట్లాంటి మనిషిని చూడలేదు.

చేతులకు రాతి దుమ్మని నేనంటే అమ్మ ఒప్పుకోలేదు. "పిండి మే అది. రొట్టె తట్టిన చేతులు నాకు తెల్దా?" అంది.

ఇంటికి నడిచేటప్పుడు నా కోపం మళ్ళీ మొదలైంది, ఈసారి ఆయన మీదే. వచ్చినవాడు లోపలికి పోయి ఆ పెద్దమనుషులను నాలుగు దులిపితే ఏం పోయేది? అమ్మను అదే అడిగాను. "వాళ్ళకు లోపల పెడతాండారు గదమ్మే. ఆకలైనోళ్ళం మనమే గదా" అంది. ఆ రోజు దారిలో ఆమె ఆయాసమని ఎక్కడా కూర్చోలేదు.

అమ్మ ఊరుకుంటుందా? ఎదురైన ప్రతి మనిషికీ చెప్పింది. రెండు రోజుల్లోనే పెద్దలు పిలిపించారు. బయట దొంగ బల్ల పెట్టుకున్నామట! ద్రాక్షారసం లేకుండా అది బల్లెట్లయిందట! లారీ కూలీ ఎవడో తన సద్దిరొట్టె పెడితే కథలల్లుతున్నామట! సద్దిరొట్టె చేయి కాలుస్తుందా అని నేనరిచాను. దేవదానం మామ నా మాట వినిపించుకోకుండా అమ్మ వైపు తిరిగాడు.

"ఇప్పుడన్నా ఒప్పుకో రత్నమ్మా. లోపలికి తీసుకుంటాం."

"ఒప్పుకోవాల్సింది ఉంటే ఆయనే అడిగేటోడు గదన్నా. ఏమీ అడగలే, తిననిచ్చినాడు" అంది అమ్మ నవ్వుతూ.

ఆ తర్వాత కొన్నాళ్ళకు కొత్త పాస్టరయ్య వచ్చాడు. సంగతి విని, ఏ ఒప్పుకోలూ లేకుండానే అమ్మను బల్లకు పిలిచాడు. నేనూ పక్కనే ఉన్నాను. ఆమె బన్ను ముక్క నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని, కాసేపటికి నా చెవిలో అంది, "ఇది సల్లగుండాది మే."

ఇద్దరం ఆపుకోలేక నవ్వేశాం. మామ గుడ్లురిమి చూశాడు. ఆ చలికాలంలోనే అమ్మ పోయింది.

ఆ వచ్చినాయన ఎవరో నాకు ఈ రోజుకీ తెలియదు. దేవుడని ఒట్టేసి చెప్పలేను, కాదనీ చెప్పలేను. మామ మాత్రం చివరిదాకా లారీ కూలీ అనే వాదించాడు. సరే, కూలీయే అనుకుందాం. ఊరూ పేరూ తెలియని ఆ కూలీకి, మా అమ్మ ఇంకా తినలేదని ఎవరు చెప్పారు?