నాలుగో ప్రశ్నకు జవాబు

మెట్‌పల్లిలో ఎస్టీడీ బూతు నడిపే రిటైర్డు హెడ్మాస్టరు లక్ష్మీకాంతరావు జీవితంలో కాగితం ముక్క పారేసి ఎరుగరు. కంప్యూటరును ఫోను తీగకు కలిపే మోడెం 1999 దసరా మర్నాటి నుంచి మొరాయిస్తుంటే, తయారీ కంపెనీకి రాసిన మూడు ఉత్తరాల నకళ్లూ, రిజిస్టరు పోస్టు రసీదులూ, గ్యారంటీ కార్డూ ఒకే ఫైలులో దాచారు. కంపెనీ ప్రతిసారీ అదే అచ్చు ఫారం పంపింది. అందులో నాలుగో ప్రశ్న, పరికరంలో నీరు గాని, పొడి గాని పడిందా అని. 'లేదు. చదువుకున్నవాణ్ణి అడగదగిన ప్రశ్న కాదిది' అని ఆయన మూడుసార్లూ ఎర్రసిరాతో రాశారు.

కార్తీకంలో ఒక ఉదయం షార్జాలో కూలిపని చేసే ఊరివాడు అంజన్న ఫోను చేశాడు.

"కట్టే బిల్డింగు కూలింది సారూ! ముగ్గురు పోయిండ్రు. పేర్లు ఆఫీసోళ్లు మెయిల్ల పంపుతున్రు..."

లైను తెగింది. మళ్లీ కలవలేదు.

మగ్గం వదిలి షార్జా వెళ్లిన బాలమల్లు పనిచేసేది ఆ బిల్డింగులోనే. అతని భార్య అనసూర్య కబురు విని ఉరుకుతూ వచ్చి, గుమ్మంలోనే కూలబడింది. మోడెం ఈల వేసింది, గరగరలాడింది, ఆగిపోయింది. ఆయన తొమ్మిదిసార్లు ప్రయత్నించారు.

"మా ఆయన పేరు వచ్చిందా సారూ?"

"ఇంకేం రాలే బిడ్డా."

"రాలేదంటే లేనట్టేనా?"

ఆయన రెండో ఫోనులో హైదరాబాదు కంపెనీ ఆఫీసుకు కలిపారు. ప్రమోదిని అనే ఇంజనీరు ఎత్తింది.

"ఎర్రసిరా లక్ష్మీకాంతరావు గారేనా? మీ ఉత్తరాలు మా గోడకు అంటించుకున్నాం సార్."

"పరాచికాలొద్దమ్మా. ఇక్కడొక ఆడబిడ్డ పాణం నిలువునా పోతున్నది!"

ఆమె గొంతు మారింది. "ఎప్పటినుంచి పాడైంది సార్?"

"దసరా తెల్లారి నుంచి."

"దసరానాడు దానికి పూజ చేశారా?"

పసుపు, కుంకుమ బొట్లు పెట్టింది, కొబ్బరినీళ్లు చల్లింది ఆయన చేతులే. పూజలో చల్లినవాటిని ఆయన నీళ్ల కింద ఎన్నడూ లెక్కగట్టలేదు. ఇప్పుడు అవునంటే గ్యారంటీ పోతుంది, మూడు ఉత్తరాలూ అబద్ధమవుతాయి. గుమ్మంలో అనసూర్య కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది.

"చేసిన. నీళ్లు పడ్డయి. కుంకుమ గూడ పడ్డది. తప్పు నాదే."

"కరెంటు తీసేసి, ఫోను తీగ దూర్చే రంధ్రాన్ని స్పిరిటు దూదితో తుడవండి. బాగా ఆరాకే పెట్టండి."

మందుల షాపుకు అనసూర్యే పరుగెత్తింది. పుల్లకు చుట్టిన దూది ఎర్రగా, పచ్చగా బయటికొచ్చింది. ఆరేదాకా ఇద్దరూ ఆ డబ్బానే చూస్తూ కూర్చున్నారు. తర్వాత ఈల, గరగర, నిశ్శబ్దం. ఈసారి లైను నిలిచింది.

షార్జా నుంచి వచ్చిన ఉత్తరం ఇంగ్లీషులో ఉంది. ఆమె తెరను చూడలేదు, ఆయన ముఖాన్నే చూస్తూ నిలబడింది.

"దవాఖానల ఉన్నోళ్లల్ల ఉన్నడు బిడ్డా. కాలిరిగిందట. పాణానికి ఫికర్ లేదు."

అనసూర్య బల్లకు తలానించి బావురుమంది. ఆయన మాత్రం పై వరుసలోంచి చూపు మరల్చలేకపోయారు. చనిపోయిన ముగ్గురిలో రెండో పేరు దగ్గర్లోని మల్లాపూర్ దశరథానిది. ఇంటికి కబురు చెప్పవలసిన నంబరుగా రాసి ఉన్నది ఈ బూతుదే.

ఆయన ఫైలు మూసి, దశరథం ఇంటికి వెళ్లడానికి చెప్పులు తొడుక్కున్నారు.